సామర్లకోట స్టేషను

మన గోదావరి సీమలో సామర్లకోట స్టేషనున దిగి, మూటలు లెక్కపెట్టుకొని, చంటిబిడ్డను భుజముపై వేసికొని, కాకినాడ బండికై యెదురుచూడని యిల్లాలు అరుదుగా నుండును. ఆ నిరీక్షణ మెట్లు దాపురించినదో యీ మాసమున ముచ్చటించుకొందము.

ఈ యూరు రైలుతోఁ బుట్టినది కాదు. ఇచ్చటి భీమేశ్వరాలయము పంచారామములలో నొకటి; శ్రీనాథుని భీమఖండము చదివినవారికి ఈ సీమ పరిచితమే. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైనది. ఆ నీటికై త్రవ్విన కాలువలలో నొకటి సామర్లకోటకు వచ్చినది. చేలకు నీరును, జనులకుఁ బడవ ప్రయాణమును ఆ కాలువయే సమకూర్చెను.

తరువాతఁ బొగబండి వచ్చినది. బెజవాడ మొదలు కటకము వఱకు ఈస్టుకోస్టు రైలుమార్గమును 1893 మొదలు 1896 లోపల దొరతనమువారు వేయించిరి. కాని రాజమహేంద్రవరము నొద్ద గోదావరిపై వంతెన 1900లో గాని సిద్ధము కాలేదు. అంతవఱకు బెజవాడ వైపు పోవువారు ఈ యొడ్డున బండి దిగి, ఏఱు దాటి, ఆ యొడ్డున మరల నెక్కవలసినదే. అత్తవారింటికిఁ బోవు పిల్లను సాఁగనంపిన తల్లులు, వఱద దినములలో నా నదిని తలఁచుకొని యెంత కలఁతపడిరో!

పటము ముందుంచుకొని చూడుఁడు. రాజమహేంద్రవరము నుండి తునికిఁ బోవు దారిలో సామర్లకోట యున్నది. కాకినాడ సముద్రము వైపు ఒదిగి యున్నది. ముఖ్యపట్టణమయ్యు, ఓడరేవయ్యు, అది పెద్దదారికి సుమారు 15 కిలోమీటర్ల యెడమున, శాఖామార్గముతోఁ దృప్తిపడవలసి వచ్చినది. మావారు భూగోళము చెప్పునపుడు "ఊరు పెద్దదా, దారి పెద్దదా?" యని పిల్లల నడుగుదురు. వారెప్పుడును ఊరే పెద్ద దందురు. సామర్లకోటకు జంక్షనను బిరుదు, కాకినాడ ప్రక్కకుఁ దొలఁగుటచేతనే దక్కినది.

1923 డిసెంబరులోఁ గాకినాడలోఁ గాంగ్రెసు మహాసభ జరిగినపుడు రైలులో వచ్చిన ప్రతినిధులందఱును సామర్లకోట మీదుగనే పోయిరి. టిక్కెట్టు లేదని ఖద్దరు ప్రదర్శనశాల వాకిట జవహరులాలు నెహ్రూగారినే యాపిన బాలిక దుర్గాబాయి కథ మీరెఱిఁగినదే.

శాఖామార్గముల యదృష్టము నిలుకడ లేనిది. కాకినాడ నుండి కోటిపల్లికి 1928లో వేసిన మార్గమును, 1940లో యుద్ధావసరములకని పట్టాలతో సహా ఊడఁదీసికొని పోయిరి. మరల నచ్చట బండి నడచుటకు 2004 వచ్చినది. అఱువదినాలుగేండ్లు! ఆ లోపల నొక తరమువారు పుట్టి, పెరిగి, మనుమలనెత్తిరి.

కాకినాడను పిఠాపురముతోఁ గలిపి పెద్దదారిలోఁ జేర్పవలెనను కోరిక చిరకాలముగ నున్నది. న్యాయమైన కోరికయే. ఐనను అది నెఱవేఱు వఱకు సామర్లకోటలో దిగువారు దిగుచునే యుందురు. రేవునకు లాభమెంత, సరకున కెంత యని లెక్కలు వేయువారు, నడిరేయి బండి దిగిన యొంటరి స్త్రీని గూడ నొకపరి తలఁపవలదా? ఆమెకుఁ దెల్లవాఱు వఱకుఁ గూర్చుండుటకు దీపము గల గది, లోపల గడియ గల తలుపు, త్రాగుటకు మంచినీరు కావలయును. ఇవి మీ ప్రయాణములలో నే స్టేషనునఁ గుదిరినవో, యెచ్చటఁ గొఱవడినవో వ్రాసి పంపుఁడు; వచ్చు నెల యీ పుటలోనే ప్రకటింతును.