కుట్లు విప్పాక కూడా రావాలి

దవడ ఆపరేషన్ అయిన వారానికి కుట్లు విప్పించుకోవడానికి అందరూ వస్తారు. ఆరు నెలలకు ఎక్స్‌రేకు రమ్మంటే చాలామంది రారు. రెండో ఏడు వచ్చేవారు మరీ తక్కువ. "నొప్పేమీ లేదు కదండీ, మళ్లీ ఎందుకు?" అంటారు. ఈ ప్రశ్నకు మేము ఇంతకాలం సరిగా జవాబు చెప్పలేదని మాకే అనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

దవడ ఎముకలో వచ్చే తిత్తులన్నీ ఒక్క రకం కావు. తిత్తి అంటే లోపల నీరో, చిక్కని పదార్థమో నిండిన పొర సంచి. ఎక్కువగా కనిపించేది పుచ్చి, చచ్చుబడిన పన్ను వేరు కొన దగ్గర పుట్టేది. ఆ పన్నుకు రూట్ కెనాల్ చేసో, పన్ను పీకేసో, తిత్తిని శుభ్రంగా తీసేస్తే సాధారణంగా మళ్లీ రాదు. బయటికి రాకుండా ఎముకలోనే ఉండిపోయిన పన్ను చుట్టూ వచ్చే తిత్తి కూడా దాదాపు అంతే.

పేచీ అంతా కెరటోసిస్టుతోనే. ఇది ఎక్కువగా కింది దవడ వెనుక భాగంలో, జ్ఞానదంతం ఉండే చోట వస్తుంది. లోపల జున్నులాంటి తెల్లని పదార్థం ఉంటుంది. దీని పొర చాలా పలుచన, పట్టుకుంటే చిరిగిపోతుంది. ఎముక గోడకు చిన్న ముక్క అంటుకుని మిగిలినా చాలు, అదే మళ్లీ తిత్తి అవుతుంది. పెద్ద తిత్తి పక్కనే కంటికి ఆనని పిల్ల తిత్తులు కూడా ఉంటాయి. అందుకే ఎంత చెయ్యి తిరిగిన సర్జన్ చేసినా, తిత్తిని మాత్రమే తీసి ఊరుకున్న కేసుల్లో దాదాపు నాలుగో వంతు తిరిగి వస్తాయి. ఎక్కువ భాగం మొదటి 5 ఏళ్లలోనే వస్తాయి, కొన్ని 10 ఏళ్లు దాటాక కూడా వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీన్ని కణుతుల్లో చేర్చి, 2017లో మళ్లీ తిత్తుల్లోకి మార్చింది. పేరు మారినా దాని గుణం మారలేదు. ఇది క్యాన్సర్ మాత్రం కాదు.

"అలాగైతే మొదటిసారే దవడ ముక్క కోసేస్తే పీడ పోదా?" అని ఒక తండ్రిగారు అడిగారు. పోతుంది, నిజమే. కానీ ఇరవై ఏళ్ల పిల్లకు ముఖం తీరు మారుతుంది, నమలడం కష్టమవుతుంది, కింది పెదవి మొద్దుబారవచ్చు. వీలైనంతవరకు దవడను కాపాడాలన్నదే మా అభిప్రాయం. తిత్తి తీసి చుట్టూ ఎముకను కాస్త అరగదీయవచ్చు, లేదా మిగిలిన కణాలు చచ్చేలా మందు పూయవచ్చు. మరీ పెద్దదైతే ముందు చిన్న కిటికీలా తెరిచి, ఇంటి దగ్గర రోజూ సిరంజితో కడుక్కునేలా చేసి, నెలల తరబడి కుదించి ఆ తరువాత తీయవచ్చు. అయితే ఈ పద్ధతులన్నీ మీరు తిరిగి వస్తారన్న నమ్మకం మీదే నిలబడి ఉన్నాయి. ఈ తిత్తి ఎముక పొడవునా లోలోపలే పాకుతుంది. బుగ్గ వాచేసరికి చాలా దూరం పోయి ఉంటుంది. ఎక్స్‌రేలో చిన్నగా ఉన్నప్పుడే దొరికితే చిన్న ఆపరేషన్‌తో సరి. వాపు వచ్చాక దొరికితే, కాపాడాలనుకున్న దవడే పోవచ్చు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. డిశ్చార్జి రోజున "అంతా బాగైంది" అని పంపేస్తాము. బయాప్సీ రిపోర్టు తరువాతెప్పుడో వస్తుంది, ఫైలులో పడి ఉంటుంది. తిత్తి పేరేమిటో రోగికి తెలియదు. ఆ పేరు, తిరిగి వచ్చే గుణం ఉందన్న మాట, తరువాతి ఎక్స్‌రే ఏ నెలలోనన్నది డిశ్చార్జి కార్డు మీద తెలుగులో రాసి ఇవ్వవలసిన బాధ్యత వైద్యులది. రాయకపోతే నిలదీసి అడగండి, మేము ఏమీ అనుకోము.

బస్సు చార్జీ, పోయే రోజు కూలి మాకు తెలియనివి కావు. మొదటి ఏడాది ఆరు నెలలకోసారి, తరువాత కనీసం 5 ఏళ్ల దాకా ఏడాదికోసారి, ఆపైన రెండేళ్లకోసారి చాలు. దూరాన పని చేసుకునేవారు క్రిస్మస్‌కో, సంక్రాంతికో ఇంటికి వచ్చినప్పుడు చూపించుకోవచ్చు. ఉన్న ఊళ్లోనే రెండు దవడలూ కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించి, పాతదానితో పోల్చి చూపించుకున్నా సరిపోతుంది.

ఒకే మనిషికి చిన్న వయసులోనే రెండు మూడు చోట్ల కెరటోసిస్టులు వస్తే గార్లిన్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బేమో చూడాలి. అప్పుడు తోబుట్టువులనూ, పిల్లలనూ తీసుకురండి.

పాత ఫిలిములు పారేయకండి, మడత పెట్టకండి. ఎప్పుడో దవడ ఆపరేషన్ అయి, ఆ తిత్తి పేరు తెలియనివారు మీ ఓపీ చీటీతో రండి. రిపోర్టు వెతికి చూసి చెబుతాము.