చీకటిని దాచని పాటలు

విషాద గీతాలు వింటే మనసు బలహీనపడుతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను మిత్రులారా! అమెరికన్ రాక్ బృందం 'మై కెమికల్ రొమాన్స్' 2006లో తెచ్చిన 'ద బ్లాక్ పరేడ్' ఆల్బమ్ వినండి. క్యాన్సర్‌తో చనిపోతున్న ఒక రోగి కథ అది. చిన్నప్పుడు తండ్రి చూపించిన ఊరేగింపు రూపంలోనే అతనికి మృత్యువు ఎదురొస్తుంది. అయినా ఆఖర్లో వచ్చే 'ఫేమస్ లాస్ట్ వర్డ్స్' పాటలో బతకాలన్న పట్టుదలదే పైచేయి.

ఈ బృందం పాటలు ఆత్మహత్యలకు పురికొల్పుతున్నాయని 2008లో ఒక బ్రిటిష్ పత్రిక నిందిస్తే, అభిమానులు లండన్‌లో నిరసన తెలిపారు. ఈ పాటలే తమను నిలబెట్టాయన్నారు.

అమ్మానాన్నలకు దూరంగా హాస్టల్లో చదువుకునే మనకూ దిగులు ఉంటుంది. దిగులే లేదని నటించే పాటకన్నా, ఉందని ఒప్పుకుని ధైర్యం చెప్పే పాటే నిజమైన నేస్తం.