కుండీలో మొక్క, కాంటా దగ్గర నీడ

హైదరాబాద్ ఐటీ కంపెనీల నుంచి మన భువనగిరి ఆఫీసుల దాకా ఇప్పుడు టేబుళ్ల మీద మనీప్లాంట్ కుండీలు కనిపిస్తున్నాయి. పనిచేసే చోట మొక్క ఉంటే గాలి శుభ్రపడుతుందని, మనసు కుదురుగా ఉంటుందని అంటున్నారు. ఇందులో సగమే నిజం.

1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మూసిన పెట్టెల్లో మొక్కలు పెట్టి పరీక్షించింది. బెంజీన్ లాంటి విషవాయువులు తగ్గాయి. నర్సరీల వాళ్లు ఇప్పటికీ ఆ మాట చెప్పే అమ్ముతున్నారు. కానీ ఆఫీసు గది మూసిన పెట్టె కాదు కదా. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత పరీక్షలన్నీ మళ్లీ లెక్కగట్టారు. గదిలో గాలి ఆడితే జరిగే మేలు మొక్కలతో జరగాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా కావాలని తేల్చారు. కిటికీ తెరవడమే నయం.

మనసు సంగతి మాత్రం కొట్టిపారేయలేం. అమెరికాలోని ఒక ఆసుపత్రి రికార్డులు చూసి 1984లో ఒక అధ్యయనం వెలువరించారు. కిటికీలోంచి చెట్లు కనిపించిన ఆపరేషన్ రోగులు, ఇటుక గోడ కనిపించిన వాళ్లకంటే ముందే ఇళ్లకు పోయారు, నొప్పి మందులూ తక్కువ వాడారు. వేపచెట్టు కింద సేదదీరే మనకు ఇది కొత్త సంగతేం కాదు.

అందుకే ఆఫీసుల్లో కుండీలు పెడితే మనం తప్పుపట్టం. కడియం నర్సరీ రైతులకు నాలుగు రూపాయలు వస్తాయి. అయితే పనిచేసే చోటు అనగానే ఏసీ గదే ఎందుకు గుర్తుకు రావాలి?

యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రానికి వచ్చేది ఏప్రిల్, మే ఎండల్లో. తేమ 17 శాతానికి దిగేదాకా ఆరబోయాలి, తిరగేయాలి, తాలు తీయాలి, ఆ తర్వాత కాంటా కోసం, లారీ కోసం కాయాలి. రైతుకు, హమాలీకి, కూలికొచ్చిన ఆడవాళ్లకు పనిచోటు అదే. చాలాచోట్ల నీడంటే ట్రాక్టర్ ట్రాలీ కిందే. ఉపాధి హామీ పని దగ్గర నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 చట్టంలోనే రాశారు. వడ్ల కుప్పకు కాపలా ఉన్న రైతుకు ఆ మాత్రం దక్కకూడదా?

వడ్లకు ఎండ కావాలి, మనిషికి నీడ కావాలి. కల్లానికి తూర్పు అంచున వేప, కానుగ నాటితే మధ్యాహ్నం నీడ వడ్ల మీద పడదు, అవతలికి పడుతుంది. మొక్కలకు కొదువ లేదు. 2015లో హరితహారం మొదలైన నాటి నుంచి నాటడం చూస్తూనే ఉన్నాం. నాటిన రోజు ఫొటో దిగినవాళ్లు మొదటి ఎండాకాలం నీళ్లు పోయడానికి రారు, అసలు చిక్కు అక్కడే. మన పంట మీద ఫీజు వసూలు చేసే మార్కెట్ కమిటీలే మూడేళ్ల దాకా నీళ్ల ఖర్చు, కంచె ఖర్చు భరించాలి. చెట్టు ఎదిగేదాకా పందిరి వేయించాలి.

మృగశిర కార్తెలోగా ప్రతి గ్రామ కమిటీ తమ కేంద్రం దగ్గర ఎన్ని చెట్లున్నాయో, తాగునీరు ఉందో లేదో, మొక్కలకు బోరు ఎంత దూరమో రాసి భువనగిరి ఆఫీసుకు పంపాలి. ఆ పట్టిక పట్టుకునే కలెక్టరేట్‌కు వెళ్తాం.