చివరి తూము దాకా...

మాక్లూర్ రైతు దగ్గర నిజాంసాగర్ మాటెత్తితే ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి? మంజీరపై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టుకు ఈ ప్రాంతం చివరి ఆయకట్టు. బాన్సువాడ, వర్ని, బోధన్ పొలాలు తడిసిన తర్వాత మిగిలితేనే ఇటు తూముల్లోకి తడి. జలాశయంలో పూడిక పెరిగే కొద్దీ ఆ మిగులూ కరిగిపోయింది. చివరికి శ్రీరాంసాగర్ వెనక నీళ్లను తోడి ఈ పొలాల మీద పోయడానికి ఎత్తిపోతల పథకం కట్టాల్సి వచ్చింది. దాని పేరు గుత్ప. మాక్లూర్ మండలంలోని ఊరి పేరే అది.

ఇదే ఆయకట్టులోకి ఇంకో ప్రవాహం కూడా వచ్చింది. సముద్రాలు దాటి వచ్చిన డబ్బు, దాని వెంట సలహాలు. ఒకసారి అమెరికా నుంచి, యాభై ఏళ్ల తర్వాత బ్రిటన్ నుంచి. రెండుసార్లూ రాయబారులు, మంత్రులు, నిపుణులు మన పల్లెల బాగు గురించే మాట్లాడారు. చివరి తూము సంగతి మాత్రం ఎప్పటిలాగే ఉంది.

మొదటిది 1952 నాటి ముచ్చట.

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు కానీ తెలంగాణ పల్లెలు చల్లబడలేదు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో సాయుధ పోరాటం మరో మూడేళ్లు సాగింది. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ దాన్ని విరమించింది. ఆలోపే జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భావే చేతికి తొలి భూదానం అందింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో కమ్యూనిస్టులు పీడీఎఫ్ పేరుతో పోటీ చేస్తే నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశమంతా చెప్పుకునేంత మెజారిటీతో గెలిచారు. తుపాకులు దిగాయి కానీ భూమి అడిగిన జనం భూమి మాట మరిచిపోలేదని ఆ ఓట్లు చెప్పాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీలో కొత్త అమెరికా రాయబారి దిగాడు. పేరు చెస్టర్ బౌల్స్. అంతకుముందు ప్రకటనల కంపెనీ నడిపాడు, కనెక్టికట్ రాష్ట్రానికి గవర్నరుగా చేశాడు. రెండేళ్ల క్రితమే చైనాలో కమ్యూనిస్టులు గద్దెనెక్కారు. ఆసియా రైతు ఆకలితో ఉంటే తర్వాతి వంతు ఎవరిదన్న బెంగ వాషింగ్టన్‌కు పట్టుకుంది. సైన్యంతో తీరేది కాదని, పల్లెలో పంట పెరగాలని బౌల్స్ నమ్మాడు. ఆ నమ్మకంలో నిజాయితీ ఎంత, ప్రచ్ఛన్న యుద్ధపు లెక్క ఎంత అని ఇప్పుడు తూకం వేయడం కష్టం. రెండూ ఉన్నాయి.

1952 జనవరి 5న భారత్, అమెరికాల మధ్య సాంకేతిక సహకార ఒప్పందం కుదిరింది. మొదటి విడత 5 కోట్ల డాలర్లు. గ్రామ సేవకుల శిక్షణకు ఫోర్డ్ ఫౌండేషన్ సాయం తోడైంది. ఉత్తరప్రదేశ్‌లోని ఇటావాలో ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు చేసి చూపిన పల్లె ప్రయోగం నమూనా అయింది. ఆ ఏడాది గాంధీ జయంతి నాడు దేశంలో 55 చోట్ల సామాజిక వికాస పథకాలు మొదలయ్యాయి. ఒక్కో పథకం కింద దాదాపు 300 ఊళ్లు, 2 లక్షల జనం. కొన్ని ఊళ్లకు కలిపి ఒక గ్రామ సేవకుడు.

హైదరాబాద్ రాష్ట్రానికి దక్కినవి మూడు. రాయచూరు వైపు తుంగభద్ర, వరంగల్ జిల్లాలో ములుగు, ఇందూరు జిల్లాలో నిజాంసాగర్. పోరు రగిలిన నల్లగొండ, సూర్యాపేట, జనగామల పేర్లు ఆ తొలి జాబితాలో లేవు.

కారణం రహస్యమేం కాదు. తిండిగింజలు త్వరగా పెరగాలి కాబట్టి నీటి భరోసా ఉన్న ప్రాంతాలకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలన్నారు. నిజాంసాగర్ కింద అప్పటికే వరి, చెరుకు కళకళలాడుతున్నాయి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల 'క్యాంపులు' వెలిశాయి. 1937లో శక్కర్‌నగర్‌లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. అంటే శాంతి కోసమని బయల్దేరిన సాయం, గొడవ లేని చోట, నీళ్లున్న చోట వాలింది. ఫలితం చూపించడం తేలిక కదా!

గ్రామ సేవకుడు వచ్చాడు. మేలురకం విత్తనం, సంచీ ఎరువు, జపాను పద్ధతి వరి నాట్లు, పెంట గుంతలు, బడికి గోడలు... చెప్పడానికి చాలా ఉంది అతని దగ్గర. అయితే విత్తనం తీసుకోవాలంటే భూమి ఉండాలి. ఎరువు కొనాలంటే చేతిలో పైసలుండాలి. పాలేరుకు ఆ సంచీలో ఏముంది? ఈ పథకాల్లో జనం పాలుపంచుకోలేదని 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ తేల్చేసింది. ఆ మాట పట్టుకునే 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు వచ్చాయి. 1980ల నడుమ ఎన్టీఆర్ వాటిని తీసేసి మండలాలు పెట్టారు. మాక్లూర్ మండలాఫీసుకు తాతముత్తాతల లెక్క తీస్తే ఆ అమెరికా ఒప్పందం కూడా ఎక్కడో ఒక మూల తగులుతుంది. పాతకాలపు పెద్దమనుషుల నోట 'బ్లాకాఫీసు' అన్న మాట నిలిచిపోయింది చూడండి, అది ఆనాటిదే.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ సాయంలో లోపాలెన్ని ఉన్నా పెత్తనం మనవాళ్ల చేతిలోనే ఉంది. ఎస్.కె.డే వంటివారు నడిపారు. తప్పు జరిగిందని మన కమిటీయే చెప్పింది, మన శాసనసభే మార్చింది. పోతూ పోతూ ఊరికో కచేరీ మిగిల్చింది తప్ప ఉన్నది పట్టుకుపోలేదు.

రెండోసారి కథ వేరు.

1990ల చివరికి ఉత్తర తెలంగాణ మళ్లీ నిప్పుల మీద ఉంది. 1978 జగిత్యాల జైత్రయాత్రతో మొదలైన రైతుకూలీ పోరాటం పీపుల్స్‌వార్ దళాలుగా, ఎన్‌కౌంటర్లుగా మారింది. అది యుద్ధం ముగిసిన నేల కాదు, నడుస్తున్న నేల. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. నిలవలేదు. 2005 మార్చిలో ఈ జిల్లాలోనే మానాల అడవిలో ఎన్‌కౌంటర్ జరిగింది.

ఈ మంటల నడుమే హైదరాబాద్‌లో సంస్కరణల సందడి. 1998లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణానికి 54.3 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. ఒక రాష్ట్రంతో నేరుగా అంత పెద్ద ఒప్పందం అప్పటికి కొత్త. మెకిన్సీ సాయంతో తయారైన 'విజన్ 2020' 1999లో వెలువడింది. డీఎఫ్‌ఐడీగా అందరికీ తెలిసిన బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్‌ను తన భాగస్వామి రాష్ట్రాల్లో ఒకటిగా ఎంచుకుంది. మంత్రి క్లేర్ షార్ట్ ఈ సంస్కరణలకు గట్టి మద్దతుదారు. 2002లో ప్రపంచ బ్యాంకు మరో 25 కోట్ల డాలర్లిస్తే, దాని పక్కన బ్రిటన్ 6.5 కోట్ల పౌండ్లు పెట్టింది. కరెంటు సంస్కరణలకు జనం ఏమన్నారో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో పోయిన ప్రాణాలు చెప్పాయి.

బోధన్‌కు సంబంధించింది ఇంకోటి. నష్టాల్లో ఉన్న ప్రభుత్వ సంస్థల్ని అమ్మడానికో, మూయడానికో హైదరాబాద్‌లో 'ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్' అని ఒక విభాగం పెట్టారు. దాని ఖర్చు డీఎఫ్‌ఐడీ గ్రాంటుది. సలహాదారులు లండన్ ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్ అనుబంధ కన్సల్టెన్సీ మనుషులు. గ్రాంటు అంటే తిరిగి కట్టక్కర్లేనిది. అమ్మే పనికి అయ్యే ఖర్చు ఉచితంగా వచ్చింది. అమ్మకం వల్ల పోయేది ఎవరిదో ఆ పద్దులో ఎక్కడా కనిపించదు.

2002లో నిజాం షుగర్స్‌లోని శక్కర్‌నగర్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ జిల్లా ముంబోజిపల్లి యూనిట్లు ఉమ్మడి సంస్థ పేరుతో ప్రైవేటు చేతికి వెళ్లాయి. 51 శాతం డెల్టా పేపర్ మిల్స్‌ది, 49 శాతం ప్రభుత్వానిది. ఫ్యాక్టరీకి నష్టాలు లేవని ఎవరూ అనలేదు. పాత యంత్రాలు, పేరుకున్న అప్పులు, కంపెనీ సొంత భూములు చేజారిన తీరు... అన్నీ నిజమే. కానీ చక్కెర మిల్లు అంటే లాభనష్టాల పుస్తకం ఒక్కటే కాదు. కోసిన చెరుకు ఒకటి రెండు రోజుల్లో గానుగెక్కకపోతే తూకమూ పోతుంది, తీపీ పోతుంది. మిల్లు దగ్గరుంటేనే చెరుకు పంట. లేకపోతే అది గడ్డి. ఈ సంగతి బండి కట్టే రైతుకు తెలిసినంతగా లండన్ నిపుణుడికి తెలియాల్సిన పనిలేదు. అయితే ఆ రైతును పిలిచి అడగాల్సింది కదా?

పక్కనే మెదక్ జిల్లాలో అడిగినవాళ్లున్నారు. 2001లో అల్గోల్ ఊళ్లో 'ప్రజాతీర్పు' పేరుతో సన్నకారు రైతులు, ఎక్కువగా ఆడవాళ్లు, జ్యూరీగా కూర్చున్నారు. విజన్ 2020 గురించి అటూ ఇటూ వాదనలు విన్నారు. ఆ బాట మాకొద్దన్నారు. మా విత్తనం, మా పశువు, మా నేల మా చేతిలో ఉండాలన్నారు. ఆ నివేదిక 2002లో లండన్ చేరింది. డీఎఫ్‌ఐడీ భారత విభాగం దాని మీద గట్టిగా అభ్యంతరం చెప్పింది. పద్ధతి సరిగా లేదనీ, ఎంపిక సరిగా లేదనీ చాలా వాదన నడిచింది. సర్వేలో పద్ధతి ముఖ్యమే, కాదనలేం. అయితే ఫ్యాక్టరీ అమ్మేటప్పుడు ఏ పద్ధతిలో చెరుకు రైతుల్ని అడిగారన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు.

2004లో ప్రభుత్వం మారింది. శాసనసభా సంఘం వేశారు. అమ్మకం రద్దు చేయాలని 2006లో సంఘం సిఫారసు చేసింది. కాగితం కాగితంగానే ఉండిపోయింది. తెలంగాణ వచ్చాక ఫ్యాక్టరీని ప్రభుత్వం తీసుకుంటుందని, రైతుల సహకార సంఘానికి ఇస్తుందని 2015లో మాటలు నడిచాయి. ఆ డిసెంబరులోనే మూడు యూనిట్లకూ తాళాలు పడ్డాయి. 2019లో కంపెనీ లా ట్రైబ్యునల్ ఆస్తుల అమ్మకానికి ఆదేశించింది. 2024లో పునరుద్ధరణ కోసం మరో కమిటీ వచ్చింది. నిజామాబాద్ పక్కన సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకు చాలా ముందే ఆగిపోయింది.

బ్రిటన్ సంగతా? 2015 తర్వాత భారత్‌కు ఆర్థిక గ్రాంట్లు ఆపేసింది. 2020లో డీఎఫ్‌ఐడీయే విదేశాంగ శాఖలో కలిసిపోయింది. అడుగుదామన్నా ఆ తలుపు లేదు.

చెరుకు పోయిన చేలల్లో వరి, సోయా, మక్కలు పెరిగాయి. మాక్లూర్, ఆర్మూర్ వైపు పసుపు, ఎర్రజొన్న ఎప్పటి నుంచో ఉన్నవే. వాటి ధరా నిలకడగా లేకపోయింది. 2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు పసుపు, ఎర్రజొన్న రైతులు కలెక్టరేట్ ముందు బారులు తీరి నామినేషన్లు వేశారు. నిజామాబాద్ బరిలో 185 మంది మిగిలారు. వాళ్లలో 170 మందికి పైగా రైతులే. ఒక్కో బూత్‌లో 12 యంత్రాలు పేర్చి పోలింగ్ జరపాల్సి వచ్చింది. పసుపు బోర్డు కావాలన్నది వాళ్ల డిమాండ్. 2025లో జాతీయ పసుపు బోర్డు వచ్చింది, దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే తెరిచారు. ధర సంగతి ఏమవుతుందో మార్కెట్ యార్డులో కొమ్ము రాశి పోసినప్పుడు చూసుకోవాలి.

బోధన్ గేటుకు మాత్రం ఇంకా తాళమే ఉంది.