మా అవ్వ ఫోటో ఏది?

మా అవ్వ చచ్చిపోయిన నాడు దండ వెయ్యడానికి ఇంట్లో ఒక్క ఫోటో లేదు. డెబ్బై ఏళ్లు బతికిన మనిషి. ఊళ్లో ఆమె నాటెయ్యని చేను లేదు. పెద్ద రైతుల ఇళ్లలో తాతముత్తాతల పటాలు వరసగా వేలాడుతుంటాయి. మా గోడకున్నవి బాబాసాహెబ్ పటం, ఏసుప్రభువు క్యాలెండరు. చివరికి అవ్వ ఓటరు కార్డు తీసుకుని టౌనుకి పోయాం. స్టూడియో ఆయన ఆ మసిబొమ్మనే పెద్దది చేసిచ్చాడు. చూస్తే ఆమె ఎన్నడూ కట్టని పట్టుచీర, నల్లటి మొహానికి తెల్లరంగు! "బాగుంటదని చేశా మాస్టారూ" అన్నాడు. మా అవ్వ నలుపు బాగుండదని ఆయనకి చెప్పిందెవరు?

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. మనల్ని కెమెరా అసలు చూడలేదా అంటే, చూసింది. ఎట్లా చూసింది? మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ జనం తలలూ ముక్కులూ కొలిచి, 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు అచ్చేశాడు. అందులో చాలా ఫోటోల కింద కులం పేరుంది, మనిషి పేరు లేదు. జమీందారు ఫోటోకి పేరూ బిరుదూ, కూలోడి ఫోటోకి కులం!

తర్వాత పేపర్లొచ్చాయి. 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. మన బిడ్డలు శవాలయ్యాక గానీ కెమెరాలు మన పల్లెల దారి పట్టలేదు. లేదంటే బియ్యం మూటకో దుప్పటికో చేతులు చాచిన ఫోటో. ఇచ్చేవాడి మొహం స్పష్టం, పుచ్చుకునేవాడి వీపు మాత్రమే మనది.

బాబాసాహెబ్ ఇంటి ఫోటో చూడండి. 1934 ఫిబ్రవరిలో రాజగృహలో తీసింది. రమాబాయి, కొడుకు యశ్వంత్, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుందరావు, ఆఖరికి పెంపుడు కుక్క టోబీ పేరు కూడా మనకు తెలుసు. మరుసటేడు 1935 మే 27న రమాబాయి తల్లి పోయింది. ఆ ఫోటో మిగలబట్టి ఆ కుటుంబాన్ని ఇవ్వాళ కళ్లారా చూస్తున్నాం.

"ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లే, ఫోటోలకేం కొదవ?" అంటారు కుర్రాళ్లు. నిజమే. ఆ ఫోను కాలవలో పడితే? ఇరవై ఏళ్ల తర్వాత మనవడు "ఎవరీమె?" అని అడిగితే చెప్పేవాళ్లెవరు? తియ్యడం వేరు, దాచడం వేరు.

అందుకని రెండు పనులు చేద్దాం. ఒకటి, పల్లెలో ముసలోళ్లందరికీ వాళ్లని అడిగి, వాళ్లు మెచ్చిన తీరులో ఫోటో తియ్యాలి. మొహానికి రంగు మార్చొద్దు. కాయితం మీద వేయించి, వెనక పెన్సిలుతో పేరు, చేసిన పని, సంవత్సరం రాయాలి. ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి అంబేద్కర్ భవనంలో ఉండాలి.

రెండు, దాడి జరిగిన చోట తీసిన ఫోటోని అసలు ఫోన్లోనే ఉంచాలి. చెరపొద్దు, దిద్దొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గుద్ది, ఫోటోలో దాగున్న తేదీ, చోటు వివరాలు పోతాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి సాక్ష్యానికి ధ్రువపత్రం కూడా జతచెయ్యాలి. అట్రాసిటీ చట్టం 15ఎ(10) ప్రకారం కేసు ప్రక్రియనంతా వీడియో తియ్యాలి. తీస్తున్నారా అని గట్టిగా అడగండి. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ దెబ్బ తిన్నవాళ్లం మనం, సాక్ష్యం విషయంలో ఏమరపాటు పనికిరాదు.

వచ్చే ఏప్రిల్ 14న జయంతి పందిట్లో బాబాసాహెబ్ పటం పక్కన మన అవ్వలు, తాతల ఫోటోలు కట్టాలి. ప్రతి ఫోటో కిందా పేరుండాలి. మా అవ్వకి మేం చెయ్యలేకపోయాం. మీ అవ్వ బతికే ఉంది కదా, రేపే తియ్యండి.

జై భీమ్!