క్యాసెట్టులో పట్టని గద్దర్

ప్రజాగాయకుడు గద్దర్‌ను క్యాసెట్టులో విన్నవాళ్లు సగం గద్దర్‌నే విన్నారు. ఖమ్మం జిల్లా కుసుమంచిలో టీ కొట్టు దగ్గర పాతతరం అభిమానిని కదిలిస్తే ముందు పాట రాదు, గొంగడి వస్తుంది. ఆ తర్వాత గజ్జెలు, చేతికర్ర, డప్పు. సభలో ఆయన పాట మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున సాగేది కాదు. చరణం మధ్యలో ఆపి, ముందువరుసలో కూర్చున్న అవ్వతో మాట్లాడినట్టు నాలుగు మాటలు చెప్పి, జనం నవ్వేలోపే మళ్లీ గొంతెత్తేవారు. ఒగ్గుకథ, బుర్రకథ ఎరిగిన పల్లెకు ఆ తీరు కొత్తేమీ కాదు. చెప్పే సంగతే కొత్తది. ఆయన బృందం జన నాట్యమండలి బలం కూడా అక్కడే ఉందనాలి. 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానం కిక్కిరిసింది ఈ మనిషి కోసమే. 1997 ఏప్రిల్ 6న ఆయనకు తూటాలు తగిలాయి, ఒకటి వెన్నులోనే ఉండిపోయింది. అయినా ఆట ఆగలేదు. ఆయన రాజకీయ మలుపులు నచ్చనివాళ్లు ఈ జిల్లాలోనూ ఉన్నారు, వాళ్ల వాదనలో పస లేకపోలేదు. కానీ అదే నోటితో వాళ్లూ ఆయన పాట కూనిరాగం తీస్తారు! 2023 జూలై 2న ఖమ్మం కాంగ్రెస్ సభ వేదికపై రాహుల్ గాంధీని ముద్దాడుతూ కనిపించిన గద్దర్, సరిగ్గా ముప్పై అయిదు రోజులకు, ఆగస్టు 6న కన్నుమూశారు. సభల్లో తీసిన పాత వీడియో క్యాసెట్లు ఎవరి అటకమీదైనా ఉంటే, బూజు పట్టకముందే దించండి.