ట్రిగ్గర్ తప్పు కాదు, తీగ తప్పు!

నాన్న బోరు మోటారు మళ్లీ కాలింది. రీవైండింగ్ అయ్యాక స్టార్టింగ్ కరెంటు చూద్దామని వైరుకి క్లాంప్ తగిలించి, డాక్ కార్డుకి కలిపా. ట్రిగ్గర్ 2 వోల్టులు. మోటారు ఆపి ఉన్నా రికార్డింగ్ దానంతటదే మొదలైపోతోంది! రెండు గంటలు కోడ్‌ని తిట్టుకున్నా.

క్లాంప్ బ్యాటరీతో నడిచేది. డిఫరెన్షియల్‌లో ప్లస్, మైనస్ కలిపా గానీ మైనస్‌కి గ్రౌండ్ దారి ఇవ్వలేదు. పాపం, సిగ్నల్ గాల్లో తేలుతోంది. మైనస్‌కీ కార్డు గ�్రౌండ్‌కీ మధ్య 10 కిలో ఓముల రెసిస్టర్ వేశా. గీత నిలబడింది.

మీరైతే ప్రీ-ట్రిగ్గర్ కూడా పెట్టుకోండి. కార్డు పాత శాంపిళ్లని బఫర్‌లో దాచి ఉంచుతుంది కాబట్టి స్విచ్ వేసిన తొలి క్షణం జారిపోదు. మాకు అక్కడే దొరికింది: సెకనులోపు దిగాల్సిన కరెంటు మూడు సెకన్లైనా దిగట్లేదు. ముందు కెపాసిటర్ మార్పించాం.